మూడు నెలల పిల్లల కదలికల వీడియో (జీఎంఏ): అందులో ఏం చూస్తారు?

గోదారి_అమ్మాయి (తణుకు)

అందరికీ నమస్కారం. మా బాబు 31 వారాలకే పుట్టాడు, బరువు 1,450 గ్రాములు. ఎన్‌ఐసీయూ (పసిపిల్లల ఐసీయూ) నుంచి బయటపడి ఇప్పుడు పుట్టింట్లో ఉన్నాం. పుట్టి ఐదు నెలలు కావస్తోంది గానీ, ముందు పుట్టిన తొమ్మిది వారాలూ తీసేస్తే మూడు నెలల పిల్లాడి కిందే లెక్క అన్నారు.

డిశ్చార్జి కాగితంలో అడుగున ఒక లైను ఉంది: "కరెక్టెడ్ ఏజ్ 12–14 వారాల్లో జీఎంఏ". ఏంటండీ అని అడిగితే "బాబు కదలికలు వీడియో తీసి చూస్తాం, అంతే" అన్నారు. బయట క్యూ చూసి నేను కూడా గట్టిగా అడగలేకపోయాను. రాత్రి ఫోన్లో వెతికితే సెరిబ్రల్ పాల్సీ (చిన్నప్పుడే మెదడు దెబ్బతిని కదలికలకి ఇబ్బంది రావడం) అని వచ్చింది. అప్పట్నుంచీ అన్నం సయించట్లేదు.

మా అమ్మేమో "మంచం అదిరిపోయేలా తంతున్నాడు, వాడికేంటే!" అంటోంది. నిజమే, బాగా తంతాడు. మరి మూడు నిమిషాల వీడియోలో వాళ్లకి కొత్తగా ఏం కనిపిస్తుంది? ఎవరైనా చేయించినవాళ్లు ఉంటే చెప్పరా.

సూరి_గుంటూరు

అమ్మా, ముందు ఆ ఫోన్ పక్కన పెట్టి అన్నం తినండి. మా నాయనమ్మ తొమ్మిది మందిని కంది, ఒక్క వీడియో తియ్యలేదు. ఈ రోజుల్లో బిడ్డ తుమ్మితే ఒక టెస్టు, దగ్గితే ఒక టెస్టు. తన్నే పిల్లాడికి నరాల జబ్బేంటండీ.

నర్సమ్మ_నల్లగొండ

సూరి తమ్మీ, మీ నాయనమ్మ కాలంల ముప్పై ఒక్క వారానికి పుట్టినోడు బతుకుడే గగనం. ఇప్పుడు బతికించుకుంటున్నం కాబట్టే ఆ తర్వాతి సంగతి చూసుకోవాలె. ఆ తల్లి భయపడి అడిగింది, సక్కగ తెలిసినోళ్లను చెప్పనియ్యి.

ఫిజియో_హనుమకొండ

నేను పిల్లల ఫిజియోథెరపిస్టుని, జీఎంఏ (జనరల్ మూవ్‌మెంట్స్ అసెస్‌మెంట్) శిక్షణ తీసుకున్నాను. నా పనిలో సగం ఇలాంటి వీడియోలు చూడటమే, కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ముందు మీ అమ్మగారి మాట. బిడ్డ ఎంత కదులుతున్నాడు, ఎంత బలంగా తంతున్నాడు అన్నది ఇందులో ప్రధానం కాదు. ఎన్ని రకాలుగా కదులుతున్నాడన్నదే చూస్తాం. ఎవరూ పలకరించకుండా, బొమ్మ చూపించకుండా, వాడి పాటికి వాడు మెలకువగా పడుకుని ఉన్నప్పుడు ఒళ్లు తనంతట తాను ఎలా కదులుతుందో, ఆ తీరు.

నెలలు నిండి పుట్టిన బిడ్డకి మొదటి రెండు నెలలూ కదలికలు మెలికలు తిరుగుతున్నట్టు, ఒళ్లు విరుచుకుంటున్నట్టు ఉంటాయి. వీటిని రైథింగ్ అంటాం. ఆరు నుంచి తొమ్మిది వారాల మధ్య అవి తగ్గి కొత్త రకం మొదలవుతుంది, వాటి పేరు ఫిడ్జెటీ. మీ డాక్టరు గారు చూడాలనుకుంటున్నది వీటినే. ఎసరు మరగబోయే ముందు గిన్నె అంతటా చిన్న బుడగలు లేస్తాయి చూడండి, దాదాపు అలా ఉంటాయి. మెడ కాస్త తిరుగుతుంది, అదే క్షణంలో ఒక మణికట్టు గుండ్రంగా కదులుతుంది, భుజం, నడుము, చీలమండ... అన్నీ చిన్నవే, మరీ వేగంగా ఉండవు, ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉంటాయి. ఏ దిక్కుకి వెళ్తుందో ముందే చెప్పలేం. దాదాపు ఐదు నెలల వరకూ ఉండి, బిడ్డ కావాలని వస్తువులు అందుకోవడం మొదలుపెట్టాక తెర వెనక్కి పోతాయి.

మంచం అదిరేలా తన్నే తన్ను వేరు. అది ఫిడ్జెటీల మధ్యలో వచ్చినా సరే, రాకపోయినా సరే. బాగా తన్నే పిల్లల్లో కూడా ఆ చిన్న కదలికలు లేనివాళ్లని చూశాను. నెమ్మదిగా పడుకుని ఉండే పిల్లల్లో ఒళ్లంతా చక్కగా ఆడుతూ ఉండటమూ చూశాను.

గోదారి_అమ్మాయి (తణుకు)

ఇప్పుడే వెళ్లి దోమతెర ఎత్తి చూసొచ్చాను. మణికట్టు తిరుగుతోంది అనిపించింది. నాకు కావాల్సిందే కనిపిస్తోందేమో కూడా తెలియట్లేదు.

ఫిజియో_హనుమకొండ

ఇంట్లోవాళ్లు చూసి తేల్చుకునేది కాదండీ ఇది. శిక్షణ తీసుకున్న మేమే మొదట్లో వీడియోలు ఆపి ఆపి, వాదించుకుంటూ చూస్తాం. మీ పని వీడియో తీయడం వరకే.

మెదడుకి_మేత (హైదరాబాద్)

పీజీ విద్యార్థిని, ఇదే నా చదువు. దీని వెనక కథ చెప్పాలనిపించింది.

ఈ పద్ధతికి మూలపురుషుడు హైంజ్ ప్రెక్టెల్. ఆస్ట్రియాలో పుట్టి నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో పనిచేసిన వైద్యుడు. 1980ల మొదట్లో ఆయనా, సహచరులూ అల్ట్రాసౌండ్‌లో గర్భస్థ శిశువుల్ని గంటల తరబడి గమనించారు. తల్లికి బిడ్డ కదలిక తెలిసేది ఏ నాలుగో ఐదో నెలలోనో. తెరమీద మాత్రం తొమ్మిది పది వారాలకే ఒళ్లంతా కదలడం కనిపించింది. బయట ఎవరూ తాకలేదు, శబ్దం లేదు. దానికదే కదులుతోంది. అంతకుముందు దాకా పసిబిడ్డ కదలికంటే ఏదో తగిలితే స్పందించడమే అన్న అభిప్రాయం బలంగా ఉండేది. నరాల వ్యవస్థ తనంతట తానే కదలికల్ని పుట్టిస్తుందని ఇక్కడ తేటతెల్లమైంది.

పుట్టించేది వెన్నుపాములో, మెదడు కాండంలో ఉండే నరకణాల జాలాలు. వాటికి ఊపు ఉంటుంది గానీ వైవిధ్యం ఉండదు. పైనుంచి, అంటే పెద్దమెదడు నుంచి దిగే తంతువులు వాటిని క్షణక్షణం సర్దుతుంటేనే కదలిక రకరకాలుగా మారుతుంది. నెలలు నిండని పిల్లల్లో దెబ్బతినేది ఎక్కువగా ఆ తంతువులు దిగే దారే, మెదడులోని నీటి గదుల పక్కనుండే తెల్లపదార్థం. పైనుంచి సర్దుబాటు తగ్గితే కింద జాలం పనిచేస్తూనే ఉంటుంది, బిడ్డ కదులుతూనే ఉంటాడు. పోయేది ఆ రకరకాలే. అమ్మమ్మగారికి తన్ను కనిపించడం, డాక్టరుకి అనుమానం రావడం రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

1997లో ప్రెక్టెల్ బృందం లాన్సెట్ వైద్య పత్రికలో 130 మంది పిల్లల ఫలితాలు ప్రచురించింది. రెండేళ్ల వయసు దాకా వెంబడించారు. ఫిడ్జెటీ మామూలుగా ఉన్న 70 మందిలో 67 మంది నాడీపరంగా బాగున్నారు. అసలు లేని, లేదా తేడాగా ఉన్న 60 మందిలో 57 మందికి సమస్య తేలింది. అదే పిల్లల తల అల్ట్రాసౌండ్ కన్నా ఈ కంటిచూపు పరీక్షే మెరుగ్గా ఊహించింది. తీగలు లేవు, సూది లేదు. నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

సూరి_గుంటూరు

130 మందిని చూసి లోకమంతా నమ్మేయాలా? పైగా ఆ 60 మందిలో ముగ్గురికి ఏమీ లేదన్నమాట. ఆ ముగ్గురి తల్లులు రెండేళ్లు ఎంత ఏడ్చి ఉంటారు?

డాక్టర్_పీడియా (విజయవాడ)

సూరిగారు అడిగింది వెటకారమైనా ప్రశ్న సరైనదే. నేను పిల్లల డాక్టర్ని.

ఆ తర్వాత చాలా దేశాల్లో చూశారు, 130 దగ్గర ఆగలేదు. 2017లో అయోనా నోవాక్, మరికొందరు నిపుణులు అంతవరకూ ఉన్న ఆధారాలన్నీ జల్లెడపట్టి జామా పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో రాశారు. ఐదు నెలల లోపు పిల్లల్లో సెరిబ్రల్ పాల్సీని ముందే పట్టడానికి జీఎంఏ, ఎంఆర్‌ఐ, హామర్‌స్మిత్ పరీక్ష (డాక్టరు బిడ్డని చేత్తో పట్టి నరాల పనితీరు చూసి మార్కులేసేది), ఈ మూడూ అన్నిటికన్నా నమ్మదగ్గవని అందులో తేల్చారు. అంతకుముందు ఒకటిన్నర రెండేళ్లు వచ్చేదాకా "చూద్దాం, చూద్దాం" అనడం మామూలు.

ఇక తప్పుడు అలారం సంగతి. ప్రెక్టెల్ చూసిన పిల్లల్లో చాలామందికి ముందే మెదడుకి దెబ్బ తగిలి ఉంది. అలాంటి గుంపులో వచ్చిన లెక్కని ఊరందరి పిల్లలకీ అంటించకూడదు. ఒక లెక్క వేసి చూడండి. సెరిబ్రల్ పాల్సీ వెయ్యి జననాలకి రెండు మూడు. నెలలు నిండి, పుట్టగానే ఏడ్చి, ఏ ఇబ్బందీ లేని వెయ్యిమంది పిల్లలకి ఈ పరీక్ష చేశామనుకుందాం. సమస్య లేనివాళ్లలో నూటికి 96 మందికే "బాగుంది" అని చెప్పగలిగితే, సుమారు 40 ఇళ్లలో ఊరికే గుండె ఆగినంత పనవుతుంది. నిజంగా దొరికేది ఇద్దరో ముగ్గురో. అందుకే అందరికీ చెయ్యం.

అదే 100 మంది ఎన్‌ఐసీయూ పిల్లల్లో పదిమందికి సమస్య ఉందనుకుంటే, తొమ్మిది పదిమంది దొరుకుతారు, తప్పుగా భయపెట్టేది నలుగురినే. అప్పుడు ఈ పరీక్ష చేయించడంలో అర్థం ఉంది. బాగా ముందు పుట్టినవాళ్లు, పుట్టగానే ఏడవనివాళ్లు, మూర్ఛలు వచ్చినవాళ్లు, కామెర్లు ముదిరి రక్తం మార్చాల్సి వచ్చినవాళ్లు, చక్కెర బాగా పడిపోయినవాళ్లు, తల స్కాన్‌లో తేడా ఉన్నవాళ్లు, వీళ్లకి చేస్తాం.

తణుకు తల్లీ, మీకు రాసింది బాబుకి ఏదో ఉందని కాదు. 31 వారాల బిడ్డకి రాయాల్సిన లైను అది. రాయకపోతేనే అడగాలి.

లక్కీ_వాళ్ళమ్మ (బెంగళూరు)

ఈ థ్రెడ్‌లోనే అడుగుతున్నా, ఏమీ అనుకోకండి. మా పాపకి రెండు నెలలు, నెలలు నిండాకే పుట్టింది. నిద్రలో చేతులు టపటపా కొట్టుకుంటుంది, ఒక్కోసారి ఒళ్లంతా ఉలిక్కిపడుతుంది. పుట్టిన వారంలో నిలబెడితే అడుగులు కూడా వేసేది, ఇప్పుడు వెయ్యట్లేదు. మా ఆడపడుచు "నేర్చుకున్నది మర్చిపోతోంది, చూపించండి" అని భయపెడుతోంది.

మెదడుకి_మేత (హైదరాబాద్)

అడుగుల సంగతి నేను చెప్తాను, నాకు బాగా ఇష్టమైన ప్రయోగం. పుట్టిన పిల్లలు నిలబెడితే అడుగులేయడం, రెండో నెలకల్లా మానేయడం మామూలే. మెదడు ఎదిగి ఆ ప్రతిచర్యని అణిచేస్తుందని చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో ఉండేది. 1980ల్లో ఎస్తర్ థెలెన్ అనే అమెరికా శాస్త్రవేత్త, ఆమె సహచరులు వేరేగా ఆలోచించారు. అడుగులు మానేసిన పిల్లల్ని కాళ్లు మునిగేలా నీళ్లలో నిలబెడితే మళ్లీ వేశారు! అడుగులేసే పిల్లల కాళ్లకి చిన్న బరువులు కడితే తగ్గించారు. మొదటి నెలల్లో తొడలకి కొవ్వు పట్టినంత త్వరగా కండబలం రాదు, కాలు లేవదు, అంతే. మీ పాప ఏమీ మర్చిపోలేదు, బొద్దుగా అయిందేమో చూడండి :)

నిద్రలో కొట్టుకోవడం గురించి కూడా ఒక ముక్క. అమెరికాలోని అయోవాలో మార్క్ బ్లంబర్గ్ అనే శాస్త్రవేత్త బృందం పసి ఎలుకల్లో చూసింది. నిద్రలో కాలు చిన్నగా అదిరినప్పుడల్లా, ఆ అదురు కబురు మెదడుకి చేరుతోంది. ఏ కండ ఎక్కడుందో మెదడు అలా పటం గీసుకుంటోందని వాళ్ల వాదన. ఇక వైద్యం సంగతి డాక్టరు గారు చెప్పాలి.

డాక్టర్_పీడియా (విజయవాడ)

లక్కీ అమ్మగారూ, మూడు రకాలున్నాయి. శబ్దానికో, తల కాస్త వెనక్కి వాలినప్పుడో చేతులు చాచి దగ్గరికి తెచ్చుకుని ఉలిక్కిపడటం మోరో ప్రతిచర్య, అది ఉండాలి, నాలుగైదు నెలలకి పోతుంది. నిద్రలో మాత్రమే వచ్చి, లేపగానే ఆగిపోయే అదురు కూడా చాలామటుకు అమాయకమైనదే. వణుకు అయితే, ఆ చెయ్యిని మెల్లగా పట్టుకోండి. పట్టుకుంటే ఆగేది వణుకు. పట్టుకున్నా మీ చేతి కింద అదే లయలో కొట్టుకుంటూ ఉంటే మూర్ఛ కావచ్చు, అప్పుడు వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇవి కాక నాలుగోది ఒకటుంది, దాని కోసమే ఇంత రాస్తున్నాను. మూడు నెలలు దాటి ఏడాది లోపు, ముఖ్యంగా నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య, నిద్రలేచిన వెంటనే బిడ్డ తల ముందుకు వంచి, చేతులు చాచి, ఒక్క క్షణం బిగుసుకుని వదిలేస్తాడు. కొన్ని సెకన్లకి మళ్లీ. మళ్లీ. అలా వరుసగా వస్తాయి. నొప్పి లేదు, కింద పడటం లేదు, కొందరు పిల్లలు ఆ తర్వాత ఏడుస్తారు. ఇంట్లో "ఉలికిపాటు", "కడుపునొప్పి", "పక్షిదోషం" అంటారు. తాయెత్తు కట్టించి, పసరు పోయించి నెలలు గడిపి వచ్చినవాళ్లని చూస్తుంటాం. ఇవి ఇన్ఫెంటైల్ స్పాజమ్స్, పసిపిల్లల్లో వచ్చే ఒక రకం మూర్ఛ. ఆలస్యమైన ప్రతి వారం బిడ్డ ఎదుగుదలని తినేస్తుంది. అలాంటివి కనిపిస్తే ఫోన్లో వీడియో తీసి, అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ రోజే వెళ్లండి. ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష) తీస్తారు. మందులున్నాయి.

మెదడుకి_మేత (హైదరాబాద్)

దీన్ని వైద్య పత్రికలో మొదట వర్ణించింది ఒక తండ్రే. విలియం జేమ్స్ వెస్ట్ అనే ఇంగ్లండ్ వైద్యుడు 1841లో తన కొడుకుకే ఇలా వస్తోందని, ఎవరికైనా తెలిస్తే చెప్పమని లాన్సెట్‌కి ఉత్తరం రాశాడు. అందుకే ఆ జబ్బుకి వెస్ట్ సిండ్రోమ్ అని పేరు.

నర్సమ్మ_నల్లగొండ

డాక్టర్ సార్ మంచిగ చెప్పిండు. నేను ఏఎన్‌ఎంగ చేసి రిటైరైన. మాకు అప్పుడు ఈ వీడియోలు లేవు, చేతులే. బిడ్డకు తానం పోసేటప్పుడు కాళ్ల మీద ఏసుకుంటం కద, నూనె రాసేటప్పుడు చేతికి తెలుస్తది. మామూలు బిడ్డ కాలు మడిస్తే మడుస్తది, ఇడిస్తే వస్తది. కొందరికి గుడ్డ మార్చేటప్పుడు తొడలు ఎడం కావు, కాళ్లు ఒకదాని మీద ఒకటి మెలేసుకుంటరు. బొటనేలు పిడికిట్ల దాచుకుని నాలుగు నెలలైనా ఇప్పరు. తల ఎప్పుడు ఎనుకకే గుంజుతుంటరు. ఇంకొందరు అసలు బిగువే లేకుంట చేతుల మీద నుంచి జారిపోతున్నట్టుంటరు. తల్లులు గమనిస్తరు, చెప్తరు కూడ. "అన్నీ నీకే అనుమానం" అని ఇంట్ల నోరు మూయిస్తరు. అదే నాకు కోపం.

ఇంకొకటి, మర్దన గట్టిగ చేస్తే కాళ్లు తిన్నగ అయితయ్ అని బిగిసిన కాలును గుంజకుండ్రి. మెత్తగ రాయుండ్రి, చాలు. ముక్కుల, చెవుల నూనె పొయ్యకుండ్రి.

డాలస్_నాన్న (టెక్సస్)

మా అనుభవం కూడా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుందేమో. మావాడు నెలలు నిండే పుట్టాడు, ఎన్‌ఐసీయూ లేదు, ఏ అనుమానమూ లేదు. ఆరో నెలలో గిలక్కాయ కుడిపక్క పెట్టినా ఎడమ చేతిని ఒంటిమీదుగా అడ్డంగా తెచ్చి అందుకునేవాడు. కుడి చెయ్యి పక్కన పిడికిలి బిగించుకుని ఉండేది. వీడియో కాల్‌లో అందరూ "ఎడమచేతి వాటం, తాతగారి పోలిక" అని మురిసిపోయారు. ఇక్కడి డాక్టరు రొటీన్ చెకప్‌లో అది చూసి మొహం మార్చింది. ఏడాది లోపు బిడ్డకి ఏ చేతి వాటమూ ఉండకూడదట. ఎంఆర్‌ఐ తీస్తే మెదడు ఎడమవైపు పాత స్ట్రోక్, పుట్టుక సమయంలో వచ్చింది.

మా రాష్ట్రంలో ఈసీఐ అని మూడేళ్ల లోపు పిల్లలకి ఇంటికొచ్చి థెరపీ ఇచ్చే ఏర్పాటుంది. బాగున్న ఎడమ చేతికి కాసేపు మెత్తటి తొడుగు వేసి, కుడిచేత్తోనే ఆడేలా చేసేవాళ్లు. అరటిపండు ముక్కలు, సబ్బు నురగ, ఏది దొరికితే అది. మొదట్లో తొడుగు పీకేసి ఏడ్చేవాడు. ఇప్పుడు బడికి వెళ్తున్నాడు. రాయడం ఎడమచేత్తోనే. చొక్కా గుండీలు పెట్టుకునేటప్పుడు కుడి చెయ్యి గుడ్డని పట్టి ఉంచుతుంది. ఆ మాత్రం పట్టు కోసమే అంత అవస్థ.

సూరి_గుంటూరు

అన్నా, బాబు బాగుండాలి. నా అసలు ప్రశ్న అదే. ముందే తెలిస్తే నయమైపోతుందా? కాకపోతే మూడో నెలలోనే తల్లి నెత్తిన బాంబు ఎందుకు వేయాలి?

డాక్టర్_పీడియా (విజయవాడ)

నయం కాదు. మెదడులో పోయిన చోటు తిరిగి రాదు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డకి నడక వస్తుందో రాదో జీఎంఏ చెప్పదు కూడా. ముందే తెలిస్తే ఏమవుతుందంటే, మిగిలిన మెదడు కొత్త దారులు వేసుకునే మొదటి రెండేళ్లూ చేజారవు. డాలస్ బాబు విషయంలో జరిగింది అదే. తుంటి కీలు మెల్లగా జారిపోవడం ఈ పిల్లల్లో ఎక్కువ, క్రమం తప్పకుండా ఎక్స్‌రే తీస్తుంటే పెద్ద ఆపరేషన్ దాకా పోకుండా చూడొచ్చు. కన్ను, చెవి ముందే పరీక్షిస్తాం. పాలు మింగడంలో ఇబ్బంది ఉంటే బరువు పడిపోకముందే పట్టుకుంటాం.

"ఆగి చూద్దాం" అన్న మాటలో దయ ఉన్నట్టు కనిపిస్తుంది గానీ ఆ ఆగిన ఏడాది ఖర్చు బిడ్డే భరిస్తాడు. నా మటుకు నేను బాంబు వేసినా పక్కనే కూర్చుంటాను గానీ, దాచిపెట్టను.

సందర్భం వచ్చింది కాబట్టి, ఇలాంటి తల్లిదండ్రుల దగ్గరికి స్టెమ్ సెల్ ఇంజెక్షన్ల వాళ్లు వస్తారు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం మన దేశంలో మూలకణ (స్టెమ్ సెల్) చికిత్సల్లో ఆమోదం ఉన్నది రక్త సంబంధ జబ్బుల వంటి కొన్నిటికి చేసే ఎముకమజ్జ, రక్త మూలకణాల మార్పిడికే. సెరిబ్రల్ పాల్సీకి డబ్బు తీసుకుని చేయడం చికిత్స కిందికి రాదు. పొలం అమ్మి చేయించినవాళ్లున్నారు.

గోదారి_అమ్మాయి (తణుకు)

ఇన్ని విషయాలు రాశారు, అందరికీ ధన్యవాదాలు. ఫిజియో గారూ, వచ్చే వారం వీడియో తీయాలి. ఆసుపత్రికి వెళ్తే ఆటోలోనే ఏడ్చి నిద్రపోతాడు. ఇంట్లో తీసుకురమ్మన్నారు. ఎలా తీయాలో చెప్పరా?

ఫిజియో_హనుమకొండ

బొంత మీద కాదు, చాప మీద ఒకే రంగు దుప్పటి పరిచి వెల్లకిలా పడుకోబెట్టండి. చీర ఉయ్యాల అసలే వద్దు, అందులో ఒళ్లు ముడుచుకుపోతుంది. చేతులు లేని చిన్న చొక్కా, డైపర్ చాలు. మోచేతులు, మోకాళ్లు, పాదాలు కనపడాలి. కాళ్లకి మువ్వల పట్టీలు ఉంటే తీసేయండి. ఆ చప్పుడు వినడానికి కావాలని తన్నే పిల్లలున్నారు, అప్పుడు మాకు కావాల్సింది దొరకదు. చేతులకి తొడుగులు, సాక్సులు, నోట్లో పీక ఉండకూడదు.

అన్నిటికన్నా కష్టమైంది ఇంట్లోవాళ్లని ఊరుకోబెట్టడం. "బంగారు తండ్రీ, ఇటు చూడమ్మా" అన్న మరుక్షణం బిడ్డ ఆ గొంతు వైపు తిరిగి నవ్వుతాడు, కదలిక ఆగిపోతుంది. టీవీ, తిరిగే బొమ్మ, పక్కనే అరిచే అక్క, ఏవీ ఉండొద్దు. ఫ్యాను ఉండొచ్చు గానీ కొందరు పిల్లలు రెక్కల్నే చూస్తూ బిగుసుకుపోతారు, అలాంటప్పుడు ఆపేయండి.

పాదాల వైపు నిలబడి, ఫోన్ పైనుంచి తల నుంచి పాదాల దాకా పట్టేలా పెట్టి తీయండి. జూమ్ చెయ్యొద్దు, చుట్టూ తిరగొద్దు. పాలు తాగి కాసేపయ్యాక, మెలకువగా ప్రశాంతంగా ఉన్న వేళ చూసుకోండి. ఆకలేసినా, ఏడ్చినా, వెక్కిళ్లు వచ్చినా ఆపేసి ఇంకోసారి తీయండి. మూడు నిమిషాలు చాలు, ఐదైతే ఇంకా మంచిది. ఎడిట్ చేసి పాట పెట్టకండి. నవ్వకండి, పంపినవాళ్లున్నారు.

మాడరేటర్

చిన్న మనవి. పిల్లల వీడియోలు ఇక్కడ పెట్టకండి, "చూసి చెప్పండి" అని సభ్యులకి విడిగా పంపకండి. ఒకటి తీసేశాం.

లక్కీ_వాళ్ళమ్మ (బెంగళూరు)

ఫోన్‌లోనే ఏఐ చూసి చెప్పే యాప్‌లు వచ్చాయట కదా? వాటితో చూసుకోవచ్చా?

మెదడుకి_మేత (హైదరాబాద్)

కీళ్ల జాడ పట్టి కదలికని లెక్కించే ప్రోగ్రాముల మీద పరిశోధన జోరుగానే సాగుతోంది, మా విభాగంలోనూ దీని మీద వాదనలు నడుస్తుంటాయి. అయితే ఆస్ట్రేలియాలో వాడిన బేబీ మూవ్స్ లాంటి యాప్ చేసే పని వేరు. తల్లిదండ్రులు ఇంట్లో సరైన వయసులో వీడియో తీసి పంపేలా చూడటం దాని ఉద్దేశం, చూసేది శిక్షణ పొందిన మనుషులే. మన దగ్గర పల్లెలకి ఇలాంటిదే ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం. తణుకు నుంచి మూడు నెలల బిడ్డని నగరం దాకా మోసుకెళ్లే కన్నా మూడు నిమిషాల ఫైలు పంపడం నయం కదా.

గోదారి_అమ్మాయి (తణుకు)

వీడియో పంపాను, నిన్న ఫోన్ చేశారు. ఫిడ్జెటీలు ఉన్నాయి, "ఇంటర్మిటెంట్" అని రాశారు. అంటే సగం సగమా?

ఫిజియో_హనుమకొండ

కాదు, అది మామూలు కిందే లెక్క. ఎడతెగకుండా వచ్చేవీ, మధ్య మధ్య ఆగి వచ్చేవీ రెండూ బాగున్నట్టే. ఎక్కడో ఒక్క క్షణం మెరిసి, ఒక నిమిషం పాటు కనపడకుండా పోతేనే లేనట్టు భావిస్తాం. అన్నం తినండి ఇక.

అలాగని ఫాలో అప్ మానేయొద్దు. జీఎంఏ బాగుంటే సెరిబ్రల్ పాల్సీ అవకాశం బాగా తగ్గిందని అర్థం. మాట, చూపు, వినికిడి, చదువు, వీటన్నిటికీ పూచీ ఇవ్వదు.

సూరి_గుంటూరు

సంతోషం అమ్మా. నా మాట మాత్రం ఒకటుంది. మా జిల్లాలో ఈ శిక్షణ ఉన్నవాళ్లు ఎవరని అడిగితే ఎవరికీ తెలియదు. నగరాల్లో ఉన్నవాళ్లకే కదా ఈ కబుర్లన్నీ?

డాక్టర్_పీడియా (విజయవాడ)

ఆ ఫిర్యాదు న్యాయమే, చేసేవాళ్లు తక్కువ. దొరక్కపోతే, లేదా ఐదు నెలలు దాటిపోతే హామర్‌స్మిత్ పరీక్ష, హెచ్‌ఐఎన్‌ఈ, చేయించండి. రెండు నెలల నుంచి రెండేళ్ల దాకా చెయ్యొచ్చు. 26 అంశాలు, మొత్తం 78 మార్కులు. నేర్చుకున్న డాక్టరుకి పది నిమిషాల పని, పరికరాలు అక్కర్లేదు. ఆరో నెల నుంచి 73 కన్నా తక్కువ వస్తే జాగ్రత్తగా చూస్తాం.

ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) కింద జిల్లా ఆసుపత్రుల్లో డీఈఐసీ (పిల్లల ఎదుగుదల లోపాల్ని ముందే పట్టి సాయం చేసేవి) అనే కేంద్రాలున్నాయి. డాక్టరు, ఫిజియో, వినికిడి, కంటి పరీక్ష ఒకేచోట ఉండాలన్నది ఉద్దేశం. అన్నిచోట్లా అన్ని పోస్టులూ నిండి ఉండవు. అందుకే వెళ్లేముందు కనుక్కోండి. ఆశా వర్కర్, అంగన్‌వాడీ టీచర్ రాసిచ్చినా పంపిస్తారు.

నర్సమ్మ_నల్లగొండ

పోయేటప్పుడు కాగితాలు మరువకుండ్రి. డిశ్చార్జి సమ్మరీ, తల స్కాన్ రిపోర్టు, కామెర్లకు లైట్ పెట్టినప్పటి రీడింగులు, కంటి పరీక్షది. ముందు పుట్టినోళ్లకు నెల లోపల రెటీనా చూపియ్యాలె, చూపిచ్చిండ్రా అని అడుగుతరు. అన్నిటికి ఫోన్ల ఫోటో తీసి పెట్టుకోండ్రి. నూనె చేతులతోటి పట్టుకుంటే ఆ కాగితాలు ఆరునెలలకు చదవరావు.